సగటు నీళ్లు

మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఏడెనిమిదేళ్లుగా గుండె మీద కూర్చున్న భయం కాస్త పక్కకు జరిగినట్టయింది. నా అబద్ధం తెలిసిన మనిషి ఇక లేరు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. కట్టంగూరు అవతల ఒక ఊళ్లో బట్టలు కుడతాడు. నా పేరు ఆయనకు గుర్తు లేదు, "నీళ్ల సారేనా?" అని అడిగి, మూడోదినం ఫాతెహా ప్రార్థన ఉంది రమ్మన్నాడు. వస్తానన్నాను. ఆ రెండు రోజులూ ఆమె మాటలే చెవిలో తిరిగాయి.

నాకు స్టాటిస్టిక్స్ చెప్పింది ఆమె. రాష్ట్రం వచ్చిన ఏడాది నేను నల్లగొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. కాలేజీ అంటే ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తు. కింద చెప్పుల దుకాణం, మధ్యలో కంటి దవాఖాన. మెట్లన్నీ ఎక్కి వచ్చేసరికి మేడం ఆయాసపడేవారు. నల్ల బురఖా ముంజేతుల దగ్గర ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. క్లాసులోకి రాగానే ముసుగు వెనక్కి వేసుకుని, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు పెట్టుకుని హాజరు పిలిచేవారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రెండుసార్లు పిలిచేవారు. మొదటిసారి నా దోస్తు బదులు నేను పలికితే, రెండోసారి నాకు ఏ గొంతుతో పలికానో గుర్తుండేది కాదు. ఆమె తల ఎత్తకుండానే, "వీడు పొద్దుగాల ఒకడు, ఇప్పుడింకొకడు" అని ఆ పేరు కొట్టేసేవారు.

ఆమెకు ఒక్క అంకె అంటే భయం. ఇది ఎగతాళికి చెప్పడం లేదు. చీకట్లో పాము పేరు చెప్పడానికి జంకే మనుషులుంటారే, అట్లా గొంతు తగ్గించి చెప్పేవారు. "ఒక్కటే అంకె చూపిస్తే నాకు భయమైతది బేటా. దాని పక్కన ఇంకోటి ఉంటే జర ధైర్యం. ఐదుంటే మాట్లాడొచ్చు." మేం వెనక బెంచీలో నవ్వుకునేవాళ్లం.

ఆ భయం ఆమె నడకలో, బజారులో, వంటలో కూడా ఉండేది. కాలేజీలో ఒకసారి పిల్లలకు ఖిచిడీ వండించినప్పుడు ఉప్పు చూడమంటే గిన్నెలో మూడు చోట్ల గరిటె పెట్టి మూడుసార్లు రుచి చూశారు. జ్వరమొస్తే థర్మామీటరు దులిపి దులిపి మూడుసార్లు పెట్టుకునేవారని ఆమెతో పాటు స్టాఫ్‌రూంలో కూర్చునే ఇంగ్లిష్ సారు నవ్వుతూ చెప్పేవాడు. కూరగాయల బజారులో పచ్చిమిరపకాయలు కొనేటప్పుడు గంప పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి కొనలు కొరికేవారు. కళ్లలో నీళ్లు కారుతున్నా మూడోది వదిలేవారు కాదు. అమ్మే అవ్వ ఒకరోజు ఓపిక నశించి, "గంప మొత్తం గిట్లనే కొరుకుతవా ఏంది మేడమూ, నాకు తొడిమెలు మిగుల్తయి" అంది. మేడం ముక్కు తుడుచుకుంటూ, పైన ఉన్నవన్నీ నువ్వు ఏరి పెట్టినవే కదా, వాటిని అడిగితే నీ మాటే చెప్తాయి అని బదులిచ్చారు. అవ్వ నవ్వి రెండు కాయలు ఎక్కువ వేసింది.

పరీక్షల పని మీద ఆమెతో కలిసి దేవరకొండ వెళ్లినప్పుడు సెంటర్‌కు దారి ఐదుగురిని అడిగారు. మొదటివాడే సరిగ్గా చెప్పాడు. మేం ఆలస్యంగా చేరాం. సెంటర్ వాళ్లు నిలబెట్టి తిట్టారు. తిట్లు తిని బయటికొచ్చాక ఆమె ముఖంలో బాధ లేదు. ఆలస్యమైతే తిడతారు, తప్పుదారిలో పోతే ఎవరు తిడతారు, ఆ తిట్టేవాళ్లు కూడా దొరకరు అన్నారు.

ఎందుకంత భయమని ఒకేసారి అడిగాను. వాళ్లమ్మకు పట్నంలో ఒక్క పరీక్ష చేసి ఏమీ లేదన్నారట. ఇంట్లో అందరూ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారట. అంతవరకే చెప్పి బోర్డు తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నారు.

రెండో ఏడాదిలో శాంప్లింగ్ పాఠం వచ్చింది. పుస్తకంలో అది రెండు పేజీల సూత్రాలు. మేడం పుస్తకం తెరవలేదు. మహబూబ్‌నగర్ వైపు చుట్టాల చేను నుంచి తెప్పించిన పల్లికాయ గోనెసంచి ఒకటి బల్ల మీద పెట్టించారు. ఒక్కో కాయలో గింజలెన్నో లెక్కపెట్టాలి. ఒకటుండొచ్చు, రెండుండొచ్చు, మూడుండొచ్చు. కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి ఐదు కాయలు తీయాలి. ఒలిచి గింజలు లెక్కపెట్టి ఐదుతో భాగించాలి. ఆ సగటును గ్రాఫు కాగితం మీద చుక్కగా పెట్టాలి. ఇట్లా ఒక్కొక్కరు ఇరవైసార్లు.

గోడకు రెండు చార్టులు అంటించారు. ఒకదాని మీద విడి కాయల లెక్క. రెండోదాని మీద మా అందరి సగటులు. మొదటిదాన్ని గింజల కుప్ప అన్నారు, రెండోదాన్ని సగటుల కుప్ప. కళ్లంలో వడ్లు పోసినట్టు చేతులతో గాలిలో కుప్ప గీసి చూపించేవారు. అరచేతులు నడుమ నుంచి కిందికి జారేవి, చివర్లో బొటనవేలు, చూపుడువేలు కలిసి సన్నటి కొన పట్టుకునేవి. ఆ కొనల్ని తోకలు అనేవారు.

ఆ రోజు ఆమె చెప్పింది ఇప్పుడు నేను ఎవరికైనా చెప్పగలను, అప్పుడు మాత్రం చెవికెక్కలేదు. విడి కాయ ఎట్లాగైనా ఉంటుంది. ఐదు కాయల సగటు అంత ఇష్టమొచ్చినట్టు ఉండదు, నడుమకు దగ్గరగా వస్తుంది. పాతిక కాయల సగటైతే ఇంకా దగ్గరగా వస్తుంది. కానీ ఎంత దగ్గరికి రావాలో దానికీ ఒక లెక్కుంది. అంతకంటే దూరం పోతే అనుమానించాలి. అంతకంటే దగ్గరికొస్తే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

నేను నాలుగుసార్లు ఒలిచాను. తర్వాత విసుగొచ్చింది. పల్లీలు తింటూ మిగతా పదహారు చుక్కలు తలలో నుంచే పెట్టేశాను. రెండు, ఒకటి పాయింటు ఎనిమిది, రెండు పాయింటు రెండు, మళ్లీ రెండు. నమ్మేట్టుండాలని అటూ ఇటూ మార్చాను. నా కాగితం చక్కగా, నున్నగా ఉంది.

మేడం అందరి కాగితాలూ తీసుకుని ఒక్కొక్కటి కళ్ల దగ్గరికి తెచ్చి చూశారు. నాది చూసి చాలాసేపు పక్కన పెట్టలేదు. ఆమె అరవలేదు. దగ్గరికి పిలిచి నెమ్మదిగా అన్నారు.

"నీ కుప్ప బక్కగుంది బేటా."

అర్థం కానట్టు నిలబడ్డాను.

"ఇరవైల నాలుగైదన్న అటో ఇటో పోవాలె. నీయి ఒక్కటి పోలే. దీనికి తోకలేవి? తిన్నవా?"

క్లాసంతా నవ్వింది. తిన్నావా అన్నది తోకల గురించో పల్లీల గురించో వాళ్లకు తెలియలేదు, నాకు తెలిసింది. ఆ సాయంత్రం మిగతావాళ్లు మెట్లు దిగి వెళ్లాక ఆమె సంచి నా ముందు పెట్టి తాను ఎదురుగా కూర్చున్నారు. ఇరవైసార్లూ ఒలిపించారు. ఒక్క మాట తిట్టలేదు. పదకొండోసారో పన్నెండోసారో వరసగా నాలుగు ఒంటిగింజ కాయలొచ్చాయి, ఐదోది రెండు. సగటు ఒకటి పాయింటు రెండు. ఆమె పండగ చేసుకున్నంత సంబరంగా ఆ చుక్క మీద వేలు పెట్టి, "ఇగో, ఇది నీ తలకాయలకెళ్లి రాదు" అన్నారు.

అక్కడితో బుద్ధి రావాల్సింది. నాకు వచ్చింది ఒక్కటే, ఆమె అంటే భయం.

డిగ్రీ అయ్యాక ఊళ్లలో నీళ్ల నమూనాలు తెచ్చే పని దొరికింది. ఒక ఏజెన్సీ కింద కాంట్రాక్టు ఉద్యోగం. మా దిక్కు భూమిలో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వంగిన నడుములూ మచ్చల పళ్లూ చూస్తూనే పెరిగాం. నల్లా పైపుల పని అప్పటికి కొన్ని ఊళ్ల బయటి దాకా వచ్చి ఆగింది. ఈలోపు ఏ ఊరికి ముందు ట్యాంకరు పంపాలో తేల్చడానికి సర్వే. ఊళ్లో ఉన్న బోరింగు పంపులన్నిటికీ చీటీలు రాసి, ఆఫీసులో లాటరీ తీసి, ఐదింటి జాబితా నా చేతికిచ్చేవారు. ఆ ఐదింటి దగ్గరా సీసాలు నింపి, లేబుళ్లు అంటించి, నల్లగొండలో ల్యాబుకు ఇవ్వాలి. సగటు హద్దు దాటితే ఆ ఊరికి ట్యాంకరు వస్తుంది. దాటకపోతే రాదు.

పనిలో పాతవాళ్లు నాకు మొదటి వారమే ఒక పద్ధతి నేర్పారు. రోడ్డు మీదున్న బోరింగు దగ్గరే బండి ఆపి ఐదు సీసాలూ నింపడం. లేబుళ్ల మీద ఐదు పేర్లు రాయడం. ల్యాబు వాళ్లు నిజాయితీగా పరీక్ష చేస్తారు, అంకెలు వాళ్లవి, సంతకం వాళ్లది. మనం రాసింది పేర్లు మాత్రమే. పేరు రాయడం అబద్ధం కిందికి రాదని నాకు నేను చెప్పుకున్నాను.

కట్టంగూరు అవతలి ఆ ఊరికి వెళ్లిన రోజు నల్లగొండలో దోస్తు పెళ్లి దావత్ ఉంది. ఎండ ఉందని రాయొచ్చు, ఎండ నిజంగానే ఉంది. కానీ నేను ఐదింటి దగ్గరికీ వెళ్లనిది బిర్యానీ అయిపోతుందని. జాబితాలో నాలుగో పేరు బడి బోరింగు. అది ఊరి చివర గుట్ట కింద, బండి పోని బాటలో కిలోమీటరు నడక. హోటలు ముందున్న బోరింగు కొట్టి ఐదు సీసాలు నింపాను. నాలుగో సీసా మీద పెన్నుతో స్పష్టంగా "బడి బోరు" అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది.

సగటు ఒకటి పాయింటు ఒకటి వచ్చింది. హద్దు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఊరికి ట్యాంకరు రాలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఈమధ్యలో మా కాలేజీ మూతబడిందని విన్నాను గానీ మేడం ఎక్కడికి పోయారో పట్టించుకోలేదు. దసరా సెలవులు అయ్యాక ఒక రోజు ఫోన్ వచ్చింది. ఆ గొంతు వినగానే, డిగ్రీ ముగిసి ఉద్యోగంలో ఉన్నవాణ్ని, లేచి నిలబడ్డాను.

ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చి ఉంటున్నారట. పంచాయతీ ఆఫీసు గోడకు నీళ్ల లెక్క అంటించి ఉందట, కింద నమూనాలు తెచ్చినవాడిగా నా సంతకం ఉందట. బాగున్నావా, అమ్మ బాగుందా, పెళ్లయిందా అని అన్నీ అడిగారు. తర్వాత గోడ మీది అంకెలు చదివారు. ఒకటి పాయింటు ఒకటి. ఒకటి పాయింటు రెండు. ఒకటి పాయింటు ఒకటి. ఒకటి. ఒకటి పాయింటు రెండు. ఒక్కో అంకె మధ్య ఆగారు.

"నీ కుప్ప మల్ల బక్కగుంది బేటా" అన్నారు.

ఐదు బోరింగులూ తిరిగానని చెప్పాను. ఎండలో తిరిగానని కూడా చెప్పాను. ఆమె వాదించలేదు. ఆదివారం వచ్చి చాయ్ తాగిపొమ్మన్నారు. వచ్చేటప్పుడు నీళ్లలో చుక్కలు వేసి రంగు చూసే ఆ డబ్బా ఉంటుందట కదా, అది తెచ్చుకోమన్నారు.

వెళ్లకుండా ఉండటానికి శనివారం దాకా సాకులు వెతికాను. ఆదివారం వెళ్లాను. కుట్టుమిషను పక్కన చాప మీద పదకొండు సీసాలు వరసగా ఉన్నాయి. ఊళ్లో బోరింగులు మొత్తం పదకొండు. తమ్ముడి మోపెడ్ వెనక కూర్చుని, గుట్ట కిందికి నడిచి, అన్నీ ఆమే నింపుకొచ్చారట. ప్రతి సీసా మెడకూ కుట్టుదారంతో కట్టిన బట్టపీలిక, దాని మీద ఏ బోరింగో రాసి ఉంది.

ఆ డబ్బాలో మందు ఎర్రగా ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ పసుపుకు తిరుగుతుంది. ఆమె చెప్పిన వరసలో ఒక్కో గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేశాను. హోటలు బోరింగు గులాబీ రంగులో నిలిచింది. తర్వాతవి కొంచెం అటు, కొంచెం ఇటు. రెండు నారింజ రంగుకు పోయాయి. ఒకటి చింతపండు పులుసులా మారింది. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఈ ఊరి నేల కింద ఇంత తేడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. బడి సీసా అన్నిటికంటే చివర పెట్టారు. మూడు చుక్కలు గొట్టం పక్కన పడ్డాయి. ఆమె నా మణికట్టు కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నారు. మందు నీళ్లకు తగలడమే ఆలస్యం, పసుపుపచ్చగా అయింది. పండిన నిమ్మకాయ రంగు. గులాబీ జాడ కూడా మిగల్లేదు.

తమ్ముడి మిషను చప్పుడు ఆగింది.

పదకొండింటి సగటు వేసినా హద్దు కొంచెమే దాటేట్టుంది మేడం అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అప్పటికీ తప్పించుకునే దారి వెతుకుతున్నాను.

"సగటు నీళ్లు ఎవరు తాగుతరు బేటా?" అన్నారు. "పిల్లలు బడి బోరింగు నీళ్లు తాగుతున్నరు. సగటు మనం తెలుసుకునేటందుకు. తాగేటందుకు గాదు. ఇది నేను మీకు సరిగ చెప్పలేదేమో."

తప్పు తన మీద వేసుకున్నారు. నా ముఖం మీద ఉమ్మినా నాకు అంత భయం వేసేది కాదు. తర్వాత ఆమె నా వైపు చూడకుండా, ఆ ఐదు సీసాలూ ఎక్కడ నింపావని అడిగారు. తమ్ముడు మిషను వెనక నుంచి చూస్తున్నాడు. లేబుళ్లు తారుమారై ఉంటాయన్నాను.

ఆమె తల ఊపారు. చాయ్ తెచ్చిచ్చారు.

మరుసటి రోజే వెళ్లి పదకొండు బోరింగుల నీళ్లూ ల్యాబుకు చేర్చాను. బడిది మూడు దాటింది. పై అధికారికి రాసిన ఉత్తరంలో లేబుళ్లు తారుమారైనందున అని రాశాను. ఆయనకు ఆ మాట చాలా నచ్చింది, ఎవరి మీదా పడని మాట. వారంలో బడి బోరింగు పిడి ఊడదీసి ట్యాంకరు పంపారు. నేను ఇట్లాగే చేసిన ఊళ్లు ఇంకో రెండున్నాయి. సెలవు పెట్టి సొంత బండి మీద పోయి వాటి నీళ్లు కూడా మళ్లీ తెచ్చాను. అక్కడన్నీ హద్దులోనే ఉన్నాయి. అది నా అదృష్టం. దాన్ని నేను చేసిన మంచి కింద ఎప్పుడూ లెక్కవేసుకోకూడదని గుర్తు పెట్టుకున్నాను.

నా ఉత్తరం నకలు కూడా పంచాయతీ గోడకెక్కింది. మేడం చదివి ఫోన్ చేశారు.

"తారుమారైనయా బేటా?"

"అవును మేడం."

రెండోసారి అడుగుతారని ఎదురుచూశాను. ఏ ప్రశ్నా ఒక్కసారి అడిగి వదిలే మనిషి కాదు ఆమె. ఆ రోజు అడగలేదు. తిన్నావా అని అడిగి పెట్టేశారు. నేనిక ఆ ఊరికి వెళ్లలేదు. నల్లగొండ బస్టాండులో నల్ల బురఖా మీద తెల్లటి పొడి మరక కనబడితే స్తంభం వెనక్కి తప్పుకునేవాణ్ని. అది చాలాసార్లు పిండి మరక అయ్యేది.

ఫాతెహా అయ్యాక మగవాళ్లందరూ వెళ్లేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. తమ్ముడు గ్లాసులు ఎత్తుతున్నాడు. ఆయన పక్కకు వెళ్లి, లేబుళ్లు తారుమారు కాలేదు, ఐదు సీసాలూ హోటలు ముందే నింపాను అన్నాను. ఇన్నేళ్లూ గొంతులో ఉన్న మాట ఇంత చిన్నదా అనిపించింది.

ఆయన గ్లాసులు పెట్టేశాడు.

"పదకొండు సీసలు మోసినోన్ని, నాకు తెల్వదా సారూ?" అన్నాడు. "అక్క ఒక్కనాడు నీ మీద చాడీ చెప్పలే. నాకు చెప్తే ఏమొస్తది? మా ఇంట్ల పిల్లలు లేకపోయిరి. గా బడి నీళ్లు తాగినోళ్లకు చెప్పు."

నేను బడి వైపు నడిచాను. ఇప్పుడు అక్కడికి సిమెంటు రోడ్డు ఉంది. బోరింగు జాగాలో గుండ్రటి సిమెంటు బిళ్ల మిగిలింది. హెడ్మాస్టరు కొత్తాయన. నేను చెప్పిందంతా విని, పాత సంగతి, ఇప్పుడు నల్లా వస్తుంది కదా సార్ అన్నాడు. ఆ ఏడాది హాజరుపట్టీ చూపించమని బతిమాలాను. బీరువాలో వెతికి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఒకటి నుంచి ఐదు దాకా మొత్తం ముప్పై ఏడుగురు. పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన జాలిపడి, అందరినీ ఎక్కడ కలుస్తారు, నలుగురైదుగురిని కలిస్తే చాలదా అన్నాడు. చాలదన్నాను. ముప్పై ఏడు పేర్లూ రాసుకున్నాను.

మొదటి పేరు ఒక గొర్లకాపరుల ఇంటిది. అప్పుడు ఒకటో తరగతి, ఇప్పుడు తొమ్మిది. దొడ్డి ముందు తల్లి తొట్టిలో నీళ్లు పోస్తోంది. పిల్ల గడప మీద కూర్చుని రాసుకుంటోంది. నేను నిలబడే చెప్పాను. ఏ రోజు వచ్చాను, ఏ బోరింగు దగ్గర నింపాను, ఎందుకు గుట్ట కిందికి నడవలేదు. బిర్యానీ మాట కూడా చెప్పాను. చెబుతూ ఉండగానే పక్కనున్న గొర్రెపిల్ల ఒకటి నా చేతిలో కాగితం కొస పట్టి లాగింది. నేను అదిరిపడ్డాను. పిల్లకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చున్నీ పైకి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

తల్లి చెంబు కింద పెట్టింది.

"దానికి గట్లనే అలవాటు" అంది. "ఫోటువ దిగుమన్నా నోరు తెరువది." తర్వాత నా వైపు తిరిగింది. "నా బిడ్డ ఎవల జోలికన్న పోయిందా సారూ?" అంది.

పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. చున్నీ తీసేసి పెదాలు వెనక్కి లాగి పళ్లు చూపించింది. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలున్నాయి.

"ఇవి నీ నీళ్లేనా?" అని అడిగింది.

ఆ పిల్ల బడికి రాకముందు అంగన్వాడీలో తాగిన నీళ్లున్నాయి. ఇంట్లో తాగినవున్నాయి. నా ఎనిమిది నెలలున్నాయి. ఏ చార ఏ నీళ్లదో విడదీసే లెక్క లేదు. ఆ మాట నేను మేడంకైతే చెప్పేవాణ్ని, తప్పించుకోవడానికి పనికొచ్చే మాట.

"తెల్వదమ్మా" అన్నాను. "నాయి కావచ్చు."

ఆ పిల్ల నోరు మూయలేదు, నేను సరిగ్గా చూసేదాకా అట్లాగే నిలబడింది. నేను చూశాను. తర్వాత కాగితం మీద ఆమె పేరు పక్కన ఉన్నది ఉన్నట్టు రాసుకుని, రెండో పేరు వాళ్ల ఇల్లెక్కడో ఆమెనే అడిగాను.